రోజుకు నలభైనాలుగు మరలు

ఆ రోజుల్లో నేను పోగొట్టుకున్నవాటి లెక్క ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం తేలిక. ఎడమ బొటనవేలి గోరు ఒకటి. దమ్మామ్ దారిలో గాలికి ఎగిరిపోయిన తువ్వాళ్లు మూడు. ఇసుకలో కూరుకుపోయిన చెప్పు ఒకటి (రెండోది మిగిలింది కాబట్టి దీన్ని అర జత అనాలా, జత అనాలా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను). ఐదు నెలల్లో ఆరు కిలోల బరువు. మా కఫీల్ (అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని) జేబులోంచి పదిహేను వందల రియాళ్లు. వీటితోపాటు, నాకు అరబ్బీ బాగా వచ్చునన్న నమ్మకం, మొత్తానికి మొత్తం.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. పదో తరగతి తప్పాను గానీ లెక్క తప్పనని మా జగిత్యాల వైపు నాకు చిన్న పేరుండేది. రైస్ మిల్లులో కాంటా చీటీల వెనక కూడికలు వేస్తూ, ఎవరూ నేర్పకుండానే వడ్డీలూ శాతాలూ పట్టేశాను. రియాద్‌లో మలాజ్ దగ్గర ఒక కఫీల్ చేతికింద పనికి కుదిరాను. ఆయనకు ఒక మోటార్ హోమ్ ఉండేది. లోపల మంచాలు, పొయ్యి, స్నానాల గది అన్నీ ఉన్న పెద్ద బండి. మేము దాన్ని ఇల్లుబండి అనేవాళ్లం. చలికాలం ఎడారిలో విడిది చేసే కుటుంబాలకు, ఎండాకాలం అభా కొండలకు వెళ్లేవాళ్లకు అద్దెకిచ్చేవాడు. బండితోపాటు ఇద్దరు మనుషులు వెళ్లేవాళ్లు. నడపడానికి కడప నుంచి వచ్చిన చాచా, మిగతా అన్నిటికీ నేను. ఆ మిగతావాటిలో ముఖ్యమైనది పందిరి. బండి పక్కన చుట్టి ఉండే గుడ్డ పందిరిని చేతిపిడి తిప్పి తెరవాలి. పొద్దున ఒకసారి తెరవడం, సాయంత్రం గాలి లేవకముందు ఒకసారి మూయడం. అన్నీ లెక్కపెట్టే అలవాటు నాది కాబట్టి, తెరవడానికి నలభైనాలుగు చుట్లు, మూయడానికి నలభై ఏడు అని మొదటి వారంలోనే తేల్చాను (గుడ్డ సాగుతుంది, అందుకే ఆ మూడు ఎక్కువ).

అవి నితాఖాత్ రోజులు. సౌదీవాళ్లను ఎంతమందిని పనిలో పెట్టుకున్నారో చూసి సర్కారు ప్రతి దుకాణానికీ ఒక రంగు వేసేది. మనవాళ్లు ఇద్దరు ఎదురైతే బాగున్నావా అని అడగడం మానేసి "మీది ఎరుపా, పచ్చా?" అని అడిగేవాళ్లు. దాని మీద ప్రతి పరదేశి తలకూ యజమాని కట్టాల్సిన పన్ను, లెవీ. కఫీళ్లందరూ మా వైపు చూసినప్పుడల్లా పెదవులు కదిపేవాళ్లు. లోపల ఏదో కూడుకుంటున్నారని నాకు ఇట్టే తెలిసిపోయేది, ఎంతైనా నాదీ అదే జాతి.

ఒక గురువారం మా కఫీల్ నన్ను ఆఫీసుకు పిలిచాడు. నన్ను ఆయన ముహాసిబ్ అనేవాడు, అంటే అకౌంటెంటు. ఆయన సగం వేళాకోళంగా అన్నదాన్ని నేను పూర్తిగా తీసుకునేవాణ్ణి. బల్ల మీద ఒక రంగుల కాగితం ఉంది. బటన్ నొక్కితే తనంతట తనే తెరుచుకునే కరెంటు పందిరి, బిగింపుతో కలిపి ఏడు వేల రెండు వందల రియాళ్లు. తీసుకోవాలా, వద్దా? ఆయన కలం తీసి అడిగాడు.

"కమ్ మర్రా ఫిల్ యౌమ్?"

కమ్ అంటే ఎన్ని, యౌమ్ అంటే రోజు. ఆ రెండూ నాకు తెలుసు. మధ్యలో మర్రా అన్నది మాత్రం కొత్త మాట. కొత్తదని నాకు అనిపించలేదు, అదే వచ్చిన తంటా. మర అంటే మా ఊళ్లో పసిపిల్లవాడికీ తెలుసు, మర బిగించడం, మర తిప్పడం, పిడి ఒక చుట్టు తిరిగితే ఒక మర. అరబ్బులకూ అదే మాట ఉందన్నమాట అని ముచ్చటపడ్డాను. రోజుకు ఎన్ని మరలు తిప్పుతున్నావని ఇంత వివరంగా అడిగే యజమాని దొరకడం నా అదృష్టం అనుకుని, గొంతు సవరించుకుని, "అర్బా ఓ అర్బయీన్" అన్నాను. నలభైనాలుగు.

ఆయన కలం ఆగింది. "రోజుకా?"

"రోజుకే. మూయడానికైతే నలభై ఏడు."

తెరిచినదానికంటే ఎక్కువసార్లు ఎలా మూస్తారో ఆయనకు అంతుపట్టినట్టు లేదు. బండితో ఆయన ఒక్కసారి కూడా ఎడారికి వచ్చినవాడు కాదు. అద్దెకు తీసుకున్నవాళ్ల పిల్లలు దాంతో ఆడుకుంటారని అనుకున్నాడో ఏమో, నా చేతులకేసి చూసి "మిస్కీన్" అన్నాడు. పాపం అని అర్థం. నాకు ఛాతీ ఉబ్బింది. ఇంత పని ఒక మనిషిని మింగేస్తోంది, మోటారు పెడితే ఆ మనిషి మిగులుతాడు గదా, ఎన్నాళ్లకు డబ్బు తిరిగి వస్తుందో చూడమన్నాడు. అక్కడే నిలబడి వేశాను. ఒక మనిషి జీతం, తిండి, లెవీ, అక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు ఫీజు అన్నీ కలిపి నెలకు పన్నెండు వందలు (జీతం దగ్గర ఏ అంకె వేయాలో తోచక, నాకు తెలిసిన ఒకే ఒక్క జీతం వేశాను). ఆరు నెలల్లో పందిరి ఖర్చు వచ్చేస్తుంది, ఏడో నెల నుంచి అంతా లాభమే. కింద రెండు గీతలు కూడా కొట్టాను. ఆయన భేష్ అని, అప్పటికప్పుడు పదిహేను వందలు బయానా పంపించాడు.

ఆ గొప్ప చాచాకు చెప్పకుండా ఉండలేకపోయాను. ఆయన టైరు గాలి చూస్తూ విన్నాడు.

"ఒక మనిషి తగ్గుతాడని రాసిస్తివి గదా. ఆ మనిషి పేరేందిరా అబ్బీ?"

"పేరు రాయలే చాచా. మనిషి అని రాసిన."

"బండికి ఉండేది ఇద్దరం. నాకు లైసెన్సు ఉంది. నీకేముంది?"

"నాకు లెక్కుంది."

"ఆ లెక్కే నిన్ను ఊరికి పంపిస్తాండాది. ఇంతకీ నలభైనాలుగు ఏంది? రోజుకు నలభైనాలుగు సార్లు తెరిచేదానికి అది పందిరా, కంటిరెప్పా?"

"సార్లు కాదు, మరలు. కఫీల్ మరలే గదా అడిగిండు."

చాచా టైరు వదిలేసి నేల మీద కూర్చున్నాడు. కాసేపు నవ్వు కోసం ఊపిరి వెతుక్కున్నాడు. "మర్రా అంటే తూరి రా అబ్బీ, సారి. ఎన్ని తూర్లు తెరుస్తారని అడిగితే నువ్వు బోల్టులు లెక్కజెప్పి వచ్చినావు."

నేను నవ్వలేదు. వీసా కోసం చేసిన అప్పులో అప్పటికి పావు వంతు కూడా తీరలేదు. ఇక దేశం విడిచి పొమ్మనే ఖురూజ్ ముద్ర వేసి విమానం ఎక్కిస్తే, ఆరో నెలలోనే దిగిపోయిన నన్ను చూసి మా వాళ్లు ఏమంటారో మాటలతో సహా వినిపించింది. చాచాను వెళ్లి చెప్పమని బతిమాలాను. "నీ నోటితో కట్టిన ముడి నువ్వే విప్పుకో" అన్నాడు.

మర్నాడు శుక్రవారం, ఆఫీసు లేదు. శనివారం వెళ్లి కఫీల్ ముందు నిలబడ్డాను. తప్పు చెప్పుకోవడానికి సరిపడా అరబ్బీ లేదు కాబట్టి వేలు గాలిలో గుండ్రంగా తిప్పుతూ "మా దేశంలో మర్రా ఇది" అన్నాను. ఆయన వేలు చూశాడు, నన్ను చూశాడు. నేను పిడి తిప్పినట్టు నటిస్తూ ఒకటి నుంచి నలభైనాలుగు దాకా అరబ్బీలో లెక్కపెట్టి, రెండు చేతులూ చాపి "తెరుచుకుంది. మర్రా వాహిదా" అన్నాను. ఒక్కసారి. అప్పుడు ఆయన తల మీది గుడ్డ జారేదాకా నవ్వాడు. నవ్వయ్యాక బయానా గుర్తొచ్చి మొహం గంటు పెట్టుకున్నాడు. నేను అడగకుండానే కొత్త లెక్క వేసి చూపించాను. రోజుకు తెరవడం ఒకటి, మూయడం ఒకటి. మోటారు పెడితే రోజుకు మిగిలేది పదిహేను నిమిషాలు. గ్యాసు మార్చడం, నీళ్లు నింపడం, కుర్చీలు వేయడం మోటారుకు రావు. ఏడు వేల రెండు వందలు పెట్టి పదిహేను నిమిషాలు కొనుక్కునేవాడు ఎవడూ ఉండడని కలం బల్ల మీద పెట్టాను. ఉద్యోగం కోసం వేసిన లెక్కే అయినా అందులో ఒక్క అంకె కూడా తప్పు లేదు, ఇవాళ్టికీ ఎవరైనా సరిచూసుకోవచ్చు.

ఆయన ఫోన్ చేసి పందిరి వద్దన్నాడు. బయానా తిరిగి రాలేదు. నా జీతంలో కోస్తాడేమోనని నిలబడి ఉంటే, ఆయన తన పుస్తకంలో ఇంకేదో రాసుకున్నాడు. ఆ చలికాలం అరవై రోజుల అద్దె ఖాయమైంది. రోజుకు నలభైనాలుగు చొప్పున రెండు వేల ఆరు వందల నలభై సార్లు. "నువ్వు చెప్పిన అంకె ఇది. అన్ని మర్రాలూ నీ చేత్తో తెరిచాకే ఇంటికి పో" అన్నాడు.

మూడేళ్లు తెరిచాను. వీసా అప్పు తీరింది, మర్రా ఒక్కటే కాక చాలా మాటలు పట్టుబడ్డాయి. చివరికి లెవీలతో బండి గిట్టుబాటు కాక ఆయనే అమ్మేశాడు. ఖురూజ్ కాగితాల మీద, ఒకరికొకరం ఏమీ బాకీ లేమన్న చోట ఇద్దరం సంతకాలు చేశాం. కలం మూస్తూ, "ముహాసిబ్, పందిరి మాటేమిటి?" అన్నాడు. నాలుగు వందల పదమూడు తెరిచానని చెప్పాను. ఆయన నోటిలెక్క వేసి మిగిలినది రెండు వేల రెండు వందల ముప్పై ఏడన్నాడు. పది ఎక్కువేశారని నేను సరిదిద్దాను. విమానం ఎక్కబోయేవాణ్ణి, ఆ పది వదిలేసి ఉండవచ్చు. ఆ వయసులో అలా వదిలేసే గుణం నాకు లేదు. ఇప్పుడు నలభై దగ్గర పడుతున్నాక ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే ముద్దొస్తాడు, గాలిలో వేలు తిప్పుతూ తన ఉద్యోగాన్ని తానే వెనక్కి చుట్టుకున్నవాడు. లెక్క మాత్రం అలాగే ఉంది. రెండు వేల రెండు వందల ఇరవై ఏడు సార్లు.