పగిలింది నా క్లచ్ వల్ల కాదు

రెండువేల మూడు ప్రాంతంలో నేను గద్వాల, గట్టు మధ్య ఒకరి జీపు నడిపేవాణ్ణి. ఒక మధ్యాహ్నం వేరుశనగ పీకి ఇళ్లకు పోతున్న కూలీ ఆడవాళ్లను ఎక్కించుకుని వాగులోంచి మిట్ట ఎక్కుతుంటే వెనక ఇరుసులో ఫట్‌మంది. ఇంజన్ తిరుగుతోంది, చక్రాలు కదలడం లేదు. జీపు వెనక్కి జారింది. నేను బ్రేకు తొక్కి ఆపేలోపే, వెనక మెట్టు మీద నిలబడ్డ ఒక అవ్వ భయపడి దూకేసింది. ఆమె మణికట్టు విరిగింది.

ఆమెను చేర్పించిన గద్వాల దవాఖానకు జీపు యజమాని వచ్చాడు. అవ్వ వైపు చూడనైనా చూడలేదు.

"క్లచ్ గట్ల ఒక్కసారే ఇడిస్తె డిఫరెన్షియల్ పల్గదా? నీకు బండి ఇచ్చుడే నా తప్పు!" అని అందరి ముందూ నా మీద అరిచాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. నాలుగేళ్లుగా అదే మిట్ట ఎక్కిస్తున్నాను. మర్నాడు ఇరుసు విప్పి, దాని నడుమ డిఫరెన్షియల్ డబ్బాలో ఉండే, పళ్లు రాలిన గేరు చక్రాన్ని గోనెసంచిలో వేసుకుని బస్సెక్కి వనపర్తి పోయాను. అంతకు నెల ముందు ఆ ఇరుసు బిగించిన మెకానిక్ అక్కడే ఉండేవాడు.

"ఉస్తాద్, ఇది జీపుదేనా?"

ఆయన లోపలికెళ్లి అసలైన జీపు గేరు చక్రం తెచ్చి పక్కన పెట్టాడు. అది అన్నం తినే పళ్లెమంత ఉంది. నేను తెచ్చింది అందులో ఇమిడిపోయేలా ఉంది. అసలుదాని పళ్లు నా చూపుడువేలంత మందం, నేను తెచ్చినదానివి చిటికెనవేలంత కూడా లేవు.

"ఇది పాత పెట్రోలు కారుది తమ్మీ. నలుగురిని మోస్తది. నువ్వెందర్ని ఎక్కిస్తవ్?"

"పదహారు మందిని." చెప్పడానికి నాకే సిగ్గేసింది.

"నేను వద్దనే అన్న. ఏం గాదు, డ్రైవర్‌కు చెప్పకు అన్నడు మీ సేటు."

ఉస్తాద్‌ను అడిగి రెండు చక్రాలూ గద్వాలకు మోసుకొచ్చి, యజమానిని పట్టుబట్టి దవాఖానకు తీసుకెళ్లి, అవ్వ మంచం పక్కన పెట్టాను.

"ఇనుము ఇనుమే గదా. ఏంది ఫరక్?" అన్నాడాయన.

"నా చెయ్యి జూస్తె తెల్వదా ఏంది ఫరకో?" అంది అవ్వ.

ఆయన తల తిప్పుకుని బయటికి నడిచాడు. వారంలోపే జీపుకు అసలు ఇరుసు పడింది, డ్రైవర్ సీట్లో ఇంకొకడు కూర్చున్నాడు. అవ్వ చెయ్యి వంకరగా అతుక్కుంది. ఆ యేడు ఆమెను ఎవరూ కూలికి పిలవలేదు. జీపుల అడ్డాలో మాత్రం ఇప్పటికీ నేను క్లచ్ వదలడం రాక బండి పగలగొట్టాననే చెప్పుకుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా లేచి వెళ్లి కొట్లాడతాను.