మడ అడవి పాయలో రెండు కెమెరాలు

నాలుగు రోజుల ముసురు శనివారం సాయంత్రానికి తెరిపిచ్చింది. మా కడియం నర్సరీలో నేల చిత్తడిగా ఉంటే లారీలు లోపలికి రావు, లోడింగ్ ఉండదు. ఆదివారం పని లేదని మేస్త్రీ చెప్పాడు. నేను మిగిలిన సంచుల్లో మట్టి నింపి ఇంటికి వచ్చాను. మొక్కల ఫొటోలు తీసి కొనేవాళ్లకు పంపడం నా పనిలో ఒక భాగం. దానికి ఫోను చాలు. పిట్టలకు చాలదు. కాలవ గట్టు మీది లకుముకి పిట్ట ఫోనులో నీలం చుక్కలా పడుతుంది. అందుకని రెండు నెలలుగా కెమెరా కొందామని చూస్తున్నాను. ఏది కొనాలో తేలక రెండు అడిగి తెచ్చుకున్నాను. ఒకటి రావులపాలెంలో పెళ్లి ఫొటోలు తీసే రాజు గారిది. ఆరు వందల మిల్లీమీటర్ల దాకా వెళ్లే లెన్సుతో కలిపి మూడు కిలోలు ఉంటుంది. రెండోది మా తోడల్లుడిది, లెన్సు మార్చే పని లేని చిన్న జూమ్ కెమెరా. ఒక పూటంతా రెండింటితో తిరిగితే తేలిపోతుందని కోరంగి మడ అడవుల వైపు వెళ్లాను.

తెల్లవారుజామున ఐదింటికి బండి తీశాను. రామచంద్రపురం, ద్రాక్షారామం, యానాం మీదుగా తాళ్లరేవు. దారి బాగుంటే గంటన్నర పట్టే దూరం, వాన గుంటల వల్ల రెండు గంటలు పట్టింది. బండి లేనివాళ్లు కాకినాడ చేరి యానాం బస్సు ఎక్కితే సరిపోతుంది. తాళ్లరేవులో రోడ్డు పక్క హోటల్లో పెసరట్టు ఉప్మా తిన్నాను, టీతో కలిపి డెబ్బై రూపాయలు. బల్ల మీద పెట్టిన పెద్ద లెన్సును చూసి అట్లు పోసే ఆవిడ అడిగింది.

"పెళ్లి ఎవరిదండి?"

"పెళ్లి కాదండి. పిట్టల ఫొటోలు."

"పిట్టలకి అంతదా? మా అమ్మాయి పెళ్లికి వచ్చినోడు ఇందులో సగం తెచ్చేడు. సగం మందే పడ్డారు."

పడవ వీరబాబుది. మా లారీ డ్రైవరు ద్వారా పరిచయం. రేవులో ఏడున్నరకు కలిశాడు. పూటకు పన్నెండు వందలు. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్లకూడదు కాబట్టి హద్దుకు బయట, వాళ్ల పల్లెవాళ్లు వలలు కట్టుకునే పాయకే తీసుకెళ్తాడు. ఎక్కగానే ఒక మాట అన్నాడు.

"డబ్బుల సంగతి ఉంచండి. ఇయ్యాల మీరు నాకో ఫొటో తీసిపెట్టాలండి."

విషయం ఇది. ఆ పాయలో గుంజలు పాతి, వాటికి సంచిలాంటి వలలు కడతారు. పోటు తగ్గి నీరు తీసేటప్పుడు, అంటే సముద్రంలోకి వెనక్కి పోయేటప్పుడు, చేపలు వచ్చి సంచిలో పడతాయి. ఎవరి గుంజలు ఎక్కడో ఏడాది మొదట్లో చీటీలు వేసి తేలుస్తారు. ఒకరి వల ఇంకొకరు ముట్టుకోకూడదు. ముట్టుకున్నట్టు తేలితే పాయలో చోటు పోతుంది. వీరబాబు వల పక్కనే సూర్రావు వల. పది రోజులుగా సూర్రావు సంచి అడుగు చిరిగి చేపలు పోతున్నాయి. అందరికంటే ముందు పాయలోకి వచ్చేది వీరబాబే కాబట్టి అతనే తీస్తున్నాడని సూర్రావు అంటున్నాడు. ఆ మధ్యాహ్నం తగువు తేల్చడానికి పెద్దలు కూర్చుంటున్నారు.

"నీటికుక్కలండి. నేను కళ్లారా చూసేను. ఆ పాయలో నీటికుక్కలు పోయి చాలా ఏళ్లయింది, ఉంటే చూపించు అంటారు. నా ఫోనులో తీస్తే ఇదిగో, మసి చుక్క పడింది."

"సూర్రావు మీకు ఏమవుతాడు?"

"వరసకి బావండి. అందుకే గట్టిగా అరుస్తాడు."

నీరు పదిన్నర దాకా తీస్తుందన్నాడు. ఇంజను ఆపి, గెడతో నెట్టి, పడవను మడ చెట్ల కొమ్మల కిందకు చేర్చాడు. ఎదురుగా యాభై గజాల్లో సూర్రావు గుంజలు. వాటికి గుర్తుగా ఎర్ర గుడ్డలు కట్టి ఉన్నాయి. వీరబాబు గుంజలకు పసుపు డబ్బా ముక్కలు. నేను పెద్ద కెమెరా తీసి లెన్సును చివరిదాకా తిప్పాను. కరకరమంది. వెనక్కి తిప్పబోతే కదల్లేదు.

ఆ తప్పు నాదే. ముసురుకు లెన్సులో చెమ్మ చేరుతుందని రెండు రోజులు బియ్యం డబ్బాలో పూడ్చిపెట్టాను. తడిసిన ఫోనుకు మా ఇళ్లలో చేసేది అదే. అవి మరలో ఒక్క పట్టు పట్టించిన ఇంటి బియ్యం, తవుడు ఇంకా వదలలేదు. ఆ పొడి లెన్సు సందుల్లో చేరింది. పైపైన తుడిచానే తప్ప తిప్పి చూడలేదు.

"బియ్యంలో పెట్టేరా?" అన్నాడు వీరబాబు. "ఎసట్లో పడలేదు, అదృష్టవంతులు."

ఎనిమిదీ ముప్పావుకు నీళ్లలో మూడు నీటికుక్కల తలలు లేచాయి. పడవ ఊగుతుంటే మూడు కిలోలు నిలబెట్టడం కష్టమైంది. అయినా పది ఫొటోలు తీశాను. ఒకటి చాలా బాగా వచ్చింది. మీసాల మీద నీటి బొట్లు, పళ్ల మధ్య చేప కూడా స్పష్టంగా ఉన్నాయి. వీరబాబుకు తెర చూపించాను. 

"బాగుందండి. కానీ ఇందులో వల ఏదండి? ఇది ఏ పాయలోదైనా అవ్వచ్చు. సూర్రావు ఒప్పుకోడు."

నిజమే. లెన్సు చివర ఇరుక్కుపోవడంతో తల తప్ప ఇంకేమీ పట్టడం లేదు. చిన్న కెమెరా తీసేలోపు అవి మునిగిపోయాయి. తర్వాత గంటసేపు ఏమీ లేదు. కొంగలు వచ్చాయి, ఉల్లంకి పిట్టలు బురద మీద తిరిగాయి. ఇంకోరోజైతే అవి చాలు. వీరబాబు వాటివైపు చూడలేదు. నీరు తగ్గుతూ గుంజల మొదళ్ల దాకా వచ్చింది. తొమ్మిది యాభైకి అతను నా మోకాలు తట్టాడు. ఒక నీటికుక్క సూర్రావు వల సంచి మీదకు ఎక్కి, పళ్లతో లాగుతోంది. చిన్న కెమెరాలో జూమ్ సగం తగ్గించి, గుంజ, ఎర్ర గుడ్డ, చిరిగిన సంచి, జంతువు అన్నీ పడేలా ఏడెనిమిది తీశాను. ఫొటోలు రంగు పాలిపోయి, కొంచెం గరుకుగా ఉన్నాయి. వీరబాబు చూసి, "ఆయ్, ఇది," అని గెడ తీసుకున్నాడు.

ఒడ్డుకు వచ్చి వాళ్లింట్లో అన్నం తిన్నాం. వీరబాబు భార్య నూకరత్నం చేపల పులుసు వడ్డిస్తూ, ఫొటో చూపించమని రెండుసార్లు అడిగింది. మూడింటికి వలలు బాగుచేసుకునే పాకలో ఐదుగురు పెద్దలు కూర్చున్నారు. సూర్రావు పాక గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. ముందు పెద్ద కెమెరా ఫొటో చూశాడు.

"ఇది ఫోనుల్లో బోలెడు దొరుకుద్ది."

రెండోది చూపించాను. తనే బటన్ నొక్కి పెద్దది చేశాడు. ఎర్ర గుడ్డ ముడి దగ్గర ఆగాడు.

"గుడ్డ నాదే," అన్నాడు.

పెద్దాయన ఒకరు, "ఇంక వీరబాబు మాట వదిలేయ్. వాటి జోలికెళ్తే ఫారెస్టోళ్లు ఊరుకోరు. సంచికి రెండో పొర కట్టుకో," అన్నారు. అంతటితో అయిపోయింది. సూర్రావు నా దగ్గరకు వచ్చి, "అది నా ఫోనుకి పంపుతారా అండి? మా ఆవిడ కూడా చూడాలి," అన్నాడు.

నేను చిన్న కెమెరానే కొంటున్నాను. పెద్దది మంచిది కాదని కాదు. స్టాండు మీద నిలబెట్టి, ఒకే చెట్టు ముందు పూటంతా కూర్చోగలిగేవాళ్లకు అందులో వచ్చే మీసాలు, నీటి బొట్లు వేరే దేనిలోనూ రావు. నేను పడవల్లో, గట్ల మీద తిరిగేవాణ్ని. జంతువు ఎక్కడుందో, ఏం చేస్తోందో కూడా ఫొటోలో ఉండాలని ఆ రోజు తెలిసింది. లెన్సు దూరానికి ఎంత వెళ్తుందని అందరం అడుగుతాం, దగ్గరకు ఎంత వస్తుందని నేను అడగలేదు. రాజు గారికి లెన్సు సంగతి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. బాగుచేయించి ఇస్తున్నాను.

వెళ్లేవాళ్లకు ఒక్క సూచన. ముందురోజు సాయంత్రం పడవవాడికి ఫోన్ చేసి, నీరు ఎప్పుడు తీయడం మొదలవుతుందో అడిగి దాని ప్రకారం బయలుదేరండి. పోటు మీద వెళ్తే బురద కనిపించదు, పిట్టలూ దిగవు.

సూర్రావు నాలుగింటికి సూది, నైలాన్ దారం తీసుకుని పడవ ఎక్కి పాయ వైపు వెళ్లాడు. వీరబాబూ అదే పడవలో వెళ్లాడు. నేను నాలుగూ ఇరవైకి బయలుదేరాను.