డబ్బా మూత మీది నంబరు

మా బాపు మంచుకొండల్లో మిలిటరీ లారీ నడిపానని చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ పక్కనున్న లోయ ఇంకొంచెం లోతయ్యేది. తాత మంచాన పడితే, పింఛను రావలసినన్ని ఏళ్లు నిండకుండానే డిశ్చార్జి తీసుకుని వచ్చేశాడు. ఆ డిశ్చార్జి పుస్తకం బోరబండలో కిరాయి ఇల్లు మారినప్పుడు పోయింది. ఆయన పోయాక మాకు మిగిలినవి కథలే. వాటిని నేను సగమే నమ్మాను, పెద్దయ్యేకొద్దీ ఆ సగమూ తగ్గింది.

అమ్మకు మాత్రం జవాను భార్యగా గుర్తింపు కార్డు కావాలి. "ఆయన ఫౌజుల చేసిండని ఒక్క కాగితం మీదన్న ఉండాలె బిడ్డా" అనేది. కార్డు కోసం సైనిక సంక్షేమ ఆఫీసుకు వెళితే ముందు బాపు ఆర్మీ నంబరు చెప్పమన్నారు. ఇల్లంతా వెతికినా దొరకలేదు. నిజం చెప్పాలంటే నాకు కొంచెం హాయిగా కూడా అనిపించింది. వెతగ్గా వెతగ్గా అంతా అబద్ధమని తేలితే అమ్మ మొహం ఎలా చూడాలి?

మాదాపూర్‌లో మా ఆఫీసు గేటు దగ్గర బ్యాగులు తెరిచి చూస్తారు. ఒకరోజు ఉదయం నా లంచ్ డబ్బా జారి కింద పడింది. మూత దొర్లుకుంటూ వెళ్లి సెక్యూరిటీ అంకుల్ బూటు దగ్గర ఆగింది. ఆయన మిలిటరీలో హవల్దారుగా చేసి వచ్చిన మనిషి. మూత అందుకుని, అటూ ఇటూ తిప్పి చూస్తూ నిలబడిపోయాడు. నా వెనక లైను పెరుగుతోంది.

"మేడం, గీ నంబరు ఎవరిది?"

"దుకాణం వాళ్లది అంకుల్. మా ఇంట్లో అన్ని గిన్నెల మీదా ఉంటుంది."

"దుకాణపోళ్లదా! చివర అక్షరం చూడుండ్రి మేడం. ఇది ఫౌజీ నంబర్. ముందు అంకెలు చూస్తె రేషన్లు, బండ్లు చూసుకునే విభాగంది. ఎవరి నంబర్ వాళ్లం సచ్చేదాక మర్చిపోం."

పెళ్లికి కొన్న గిన్నెల మీద అందరూ పేరు కొట్టిస్తారు. మా బాపు తన నంబరు కొట్టించాడు. చదువు రాని అమ్మ అది పేరే అనుకుంది. చదువుకున్న నేను దుకాణం నంబరనుకుని, ఇన్నేళ్లుగా అందులోనే పప్పన్నం తింటున్నాను. నాకంటే పెద్ద మొద్దు మాదాపూర్ ఆఫీసు టవర్లన్నీ గాలించినా దొరకదు.

టీ తాగే వేళకు అంకుల్ దగ్గరికి పరుగెత్తాను. ఏ విభాగం వాళ్లైతే ఆ విభాగం రికార్డ్స్ ఆఫీసుకే రాయాలట. నంబరు, పేరు, సొంతూరు, సుమారుగా ఎప్పుడు చేరి ఎప్పుడు వచ్చేశాడో రాసి, మరణ ధ్రువపత్రం, భార్య అనడానికి రుజువు జతచేయాలట.

"అడిగేది నువ్వు కాదు బిడ్డా, మీ అమ్మ. ఏలిముద్ర ఆమెదే ఉండాలె. రిజిస్టర్ పోస్టుల పంపు, రసీదు పారెయ్యకు. ఫికర్ చెయ్యకు, వస్తది."

నంబరు దొరికిన పూటే మేడంని కాస్తా బిడ్డనైపోయాను. చందానగర్ పోస్టాఫీసుకు అమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చింది.

ఎండల్లో పంపితే వానల్లో జవాబు వచ్చింది. గుమ్మంలోనే కవరు చింపాను. పైనే బాపు పేరు, పక్కన ఆ నంబరు, కింద భార్యగా అమ్మ పేరు.

"ఉన్నడా?" అంది అమ్మ.

"ఉన్నాడమ్మా." సంతోషం, నమ్మనందుకు సిగ్గు కలిసి బోరున ఏడ్చాను.

కళ్లు తుడుచుకుని కింది వరుస చదివాను. మళ్లీ చదివాను.

"ఏందే? చెప్పు."

"అమ్మా, బాపు లారీ నడపలేదు. వంటవాడిగా చేశాడు."

అమ్మ నోరు తెరిచింది. "వంటనా! నేను జరమొచ్చి పన్ననాడు గూడ పొయ్యి ముట్టియ్యలే! ముప్పై ఏండ్లు నా కూరలకు వంకలు వెట్టుకుంట తిన్నడు, దొంగ!"

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు. భుజాలు కదిలిపోయేలా, కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వింది. ఆయన పోయాక అమ్మ అలా నవ్వడం అదే మొదటిసారి.

"ఎంతమందికి బువ్వ వెట్టిండో. నాకు చెప్తే ఏం పోయేది?" అంది, ఆ నవ్వులోనే. "నేనేమన్న నవ్వుదునా?"