చెరిగిపోయిన సుద్ద అంకెలు

"అదే బాబాయ్ గారూ, నిన్న మాట మధ్యలో ఫోను పెట్టేశారుగా, అందుకే మళ్లీ చేశా. ముప్పై ఆరేళ్లు సినిమా హాల్లో ఆపరేటర్‌గా చేశారు, ఒక్క రీలు కూడా తప్పు వెయ్యలేదు. అంతేగా? ఇంకేమైనా గొప్పలుంటే చెప్పండి, ఇత్తడి ఫలకం మీద ఇంకో లైను ఖాళీ ఉంది."

"ఉన్నవే ఎక్కువమ్మా," అన్నాడు ఆపరేటర్.

"మీకు మొహమాటం మరీ ఎక్కువ! ఆదివారం పదకొండింటికి, చొక్కా ఇస్త్రీ చేయించుకుని రండి. ఆ రోజు వేసేది కూడా మీ కాలం నాటిదే. జపాన్ కత్తివీరుల సినిమా. గుర్తుందా?"

గుర్తులేకపోవడమా! ఫోను పెట్టేశాడు.

ఫోను చేసిన అమ్మాయి లైబ్రరీలో ఉద్యోగి, ఊళ్లో సినిమా క్లబ్బు నడిపేది కూడా ఆమే. ఆపరేటర్‌ది దర్జీ షాపు మీద ఒంటి గది. మంచం, పొయ్యి, రెండు స్టూళ్లు. హాలు మూసేసిన రోజు ప్రొజెక్టర్ క్యాబిన్లోంచి తెచ్చుకున్నవి ఆ స్టూళ్లే. ఒకదాని మీద తను కూర్చుంటాడు. రెండోదాన్ని రోజూ తుడుస్తాడు గానీ దాని మీద తువ్వాలు కూడా వెయ్యడు.

ఆ రెండోది చాక్‌పీసుది. జంట ఆపరేటర్. చెవి వెనక ఎప్పుడూ సుద్దముక్క పెట్టుకునేవాడని అందరూ అలా పిలిచేవారు. క్యాబిన్లో రెండు మిషన్లు. ఒకదాని మీద రీలు అయిపోవస్తుంటే తెర మూల చిన్న మచ్చ మెరుస్తుంది, ఆ క్షణంలో రెండోది అందుకోవాలి. పద్దెనిమిదేళ్లు ఇద్దరూ ఆ మచ్చ కోసం కళ్లు కాయలు కాచేలా చూశారు. మిషన్ల రొదలో హాల్లోవాళ్ల నవ్వులు వినపడేవి కావు. చాక్‌పీసు కేకలే వినపడేవి.

"ఒరేయ్, ఈ విలన్ చావడానికి రెండు రీళ్లు పట్టేట్టుంది. భోంచేసొద్దాం పద!"

ఇరవై రెండేళ్ల కిందట ఆ జపాన్ సినిమా ఎనిమిది రేకు డబ్బాల్లో వచ్చింది. వాటి మీద రాతంతా గీతల అడవి. చాక్‌పీసు ఒక పూటంతా కూర్చుని, ప్రతి రీలూ కాస్త విప్పి, కథ కాగితంతో సరిచూసి, డబ్బాల మీద ఒకటి నుంచి ఎనిమిది దాకా సుద్దతో అంకెలు వేశాడు. వేసి టీకి వెళ్లాడు.

మన ఆపరేటర్‌కి శుభ్రం పిచ్చి. డబ్బాలు దుమ్ము కొట్టుకున్నాయని తడిగుడ్డతో తుడిచేశాడు. తుడిచాక చూస్తే గుడ్డంతా సుద్ద! వరసలోనే ఉన్నాయి కదా అనుకుని తనే అంకెలు వేసేశాడు. తుడిచేటప్పుడు రెండు డబ్బాలు కిటికీ దగ్గర ఆరబెట్టి, మళ్లీ తెచ్చి తారుమారుగా పెట్టాడని మాత్రం చూసుకోలేదు. నాలుగోది ఐదయింది, ఐదోది నాలుగయింది.

కథ ఏమిటంటే, శత్రువులు మీద పడితే పెద్దింటి కత్తివీరులు పరుగు లంకించుకుంటారు. ఇంటి పరువు కాపాడుకోవడానికి తప్పంతా గేటు కాపలావాడి మీదికి తోసి, వాణ్ణి చంపించేస్తారు. వాడి స్నేహితుడొకడు ఆ వాకిట్లోకొచ్చి కూర్చుని, పారిపోయిందెవరో చెప్పమంటాడు. ఆ రోజు మాత్రం చచ్చిపోయిన కాపలావాడు తర్వాతి రీల్లో లేచొచ్చి నిక్షేపంగా అన్నం తిన్నాడు. హాలంతా ఈలలు, కేకలు. ఆట ఆపేశారు, ఆ సినిమా మళ్లీ వెయ్యలేదు.

ఓనరు మెట్లెక్కి వచ్చాడు. "ఈ అంకెలు ఎవడు వేశాడు?"

ఆపరేటర్ మిషను వైపు తిరిగి రీలు విప్పసాగాడు. చాక్‌పీసు డబ్బా తీసి చూశాడు. పద్దెనిమిదేళ్లు పక్కన కూర్చున్నవాడి ఐదంకె ఆ మాత్రం తెలియదా? ఒక్కసారి ఇతని వంక చూశాడు.

"అంకెలు వేసే పని నాది సార్," అన్నాడు. ఓనరు పనిలోంచి పొమ్మనగానే క్యారేజీ తీసుకుని మెట్లు దిగిపోయాడు.

రేపు చెబుదాంలే అనుకున్నాడు ఆపరేటర్. ఆ రేపు రాలేదు. హాలు మూసేదాకా పద్నాలుగేళ్లు ఒక్కడే రెండు మిషన్ల మధ్య పరిగెత్తాడు. "తప్పు చేసినవాడు పోయాడు, తప్పు చెయ్యనివాడు ఉన్నాడు" అని ఓనరు పదిమందిలో అంటుంటే తల వంచుకుని నవ్వేవాడు. అది వినయం అనుకున్నారు జనం.

ఆదివారం సినిమా వేలెడంత ముక్కలో వచ్చింది. ఆ అమ్మాయి దాన్ని కంప్యూటర్‌కి గుచ్చింది, అంతే. డబ్బాల్లేవు, అంకెల్లేవు. ఆపరేటర్ ముందు వరసలో కూర్చుని ఆ సినిమా మొదటిసారి వరసలో చూశాడు. ముగింపు అప్పటిదాకా తెలియదు. స్నేహితుణ్ణీ చంపేసి, వాకిలి కడిగి, పెద్దింటివాళ్లు గేటుకి కొత్త చెక్క తగిలిస్తారు. దాని మీద రాత: "ఈ ఇంట ఎవడూ వెన్ను చూపలేదు."

లైట్లు వెలిగాయి. అమ్మాయి ఫలకం మీది గుడ్డ తీసింది. "ముప్పై ఆరేళ్లలో ఒక్క రీలూ తప్పలేదు."

"ఇది నేను తీసుకోలేనమ్మా."

"అయ్యో, అక్షరాలేమైనా తప్పు పడ్డాయా బాబాయ్ గారూ?"

"అక్షరాలు బాగానే ఉన్నాయి. మాటే అబద్ధం."

నలభై మంది ముందు తడిగుడ్డ దగ్గర్నుంచి మెట్ల దాకా అంతా చెప్పేశాడు. క్లబ్బు అధ్యక్షుడు లేచి, "ఆహా, ఎంత నిజాయితీ!" అన్నాడు. చప్పట్లే చప్పట్లు! ఆ ఫలకమే మళ్లీ అతని చేతుల్లో పెట్టి ఫొటో తీశారు. చాక్‌పీసు ఎక్కడున్నాడని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.

ఫలకం కుర్చీలో వదిలేసి గదికొచ్చాడు. చాక్‌పీసు పక్క ఊళ్లో తాళంచెవుల షాపు పెట్టుకున్నాడని తెలిసి పదకొండేళ్లయింది. ఆ నంబరు ఏటా కొత్త డైరీలోకి ఎక్కిస్తూనే ఉన్నాడు, ఒక్కసారీ నొక్కలేదు. సాయంత్రం నాలుగింటికి మళ్లీ షాపు తెరుస్తారని నంబరు కింద ఎప్పుడో రాసుకున్నాడు. ఇంకా గంటంబావు ఉంది.

ఫోను తీసుకెళ్లి రెండో స్టూలు మీద పెట్టి, ఎదురుగా కూర్చున్నాడు. అటునుంచి పెట్టేసినా సరే, మళ్లీ చేస్తాడు. బాగున్నావా అనడు, ముందు అనాల్సింది అది కాదు. "ఆ అంకెలు వేసింది నేనేరా" అని మొదలుపెడతాడు.