బోరింగ్ మిషనుకు చెప్పిన మాటలు

"...అని ఆ మిషనుకి చెప్తన్నాను. మనుషులకి కాదు."

"ఇంటాదిలే. మనుషుల కంటే అదే నయం. నలుగుర్లో పరువు తియ్యదు."

"ఎవులి పరువు ఎవులు తీసినారో ఆ గడపకి తెలుసు!"

"ఫిర్ వహీ గడప! డ్యూటీ టైములో మళ్ళీ మళ్ళీ గడప కతలొద్దని చెప్పు ఆయనకి!"

భిలాయి శివార్లలో, హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలోని ఆ షెడ్డులో అడుగుపెట్టిన మొదటి మధ్యాహ్నం ఇందుమతి చెవిన పడ్డ మాటలివి. పొద్దుటి షిఫ్టు దిగుతున్న పరంధామయ్య, సాయంత్రం షిఫ్టు ఎక్కుతున్న రాజాబాబు ఇనుప దిమ్మల్లో గుండ్రటి రంధ్రాలు తొలిచే ఒక పెద్ద బోరింగ్ మిషనుకు చెరో పక్కన నిలబడి పోట్లాడుకుంటున్నారు. ఇద్దరి చూపూ మిషను మీదే ఉంది. ఒకరి మొహం ఒకరు చూడటం లేదు. ఆమె చేతిలో రికార్డరు ఉంది గానీ, ఇంకా ఎవరి అనుమతీ తీసుకోలేదు కాబట్టి దాన్ని సంచిలో వేసేసింది.

తిట్లు ముగిశాక పరంధామయ్య గొంతు తగ్గింది. అదే మిషనుతో నెమ్మదిగా అన్నాడు.

"ఎడం పక్క క్లాంపు సరిగ్గా కూకోలేదు. రెండోపాలి బిగించినాను. ఆఖరి కట్ తీసీముందు డయల్ గేజి ఎట్టి కొలత చూసుకోమను. టూలు మొద్దుబారిపోనాది, కొత్తది డబ్బాలో ఉంది."

రాజాబాబు మిషనుకే తలూపి, తిన్నగా ఎడం పక్క క్లాంపు దగ్గరికి వెళ్ళాడు. పరంధామయ్య చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. ఇందుమతి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. మిగతా షెడ్డులో ఎవరూ తల కూడా తిప్పలేదు.

ఆమె పుట్టిందీ పెరిగిందీ భిలాయి సెక్టార్ సెవెన్ క్వార్టర్లో. తండ్రి వెంకటరత్నం బొబ్బిలి దగ్గర పల్లె నుంచి వచ్చి స్టీలు ప్లాంటు రైల్ మిల్లులో చేరాడు. ఆయన ఇంట్లో కూడా మిల్లు హోరులో ఉన్నట్టే అరిచి మాట్లాడేవాడు. మజ్జిగలోకి ఉప్పు అడిగితే పక్క క్వార్టరులోంచి ఎవరో ఒకరు "ఇచ్చేయమ్మా" అనేవారు. ఇందుమతి ఇంగ్లీషు ఎమ్మే చదివి, ఊరి చివర ఒక ప్రైవేటు ఇంజినీరింగు కాలేజీలో టెక్నికల్ కమ్యూనికేషన్ చెప్పే ఉద్యోగంలో కుదురుకుంది. మెమో ఎలా రాయాలి, రిపోర్టులో ఏది ముందు ఏది తర్వాత, ఇంటర్వ్యూలో చేతులు ఎక్కడ పెట్టుకోవాలి, ఇవీ ఆమె పాఠాలు. ఏటేటా అవే చెప్పేది. బాగానే చెప్తుందని పేరు కూడా ఉండేది.

ఒకసారి సివిక్ సెంటరు బజారులో పాత విద్యార్థి కౌండిన్య కనిపించాడు. ఏదో ఫ్యాక్టరీలో షిఫ్టు ఇంజినీరు. ఉద్యోగం ఎలా ఉందని అడిగితే నవ్వాడు.

"బాగుంది మేడమ్. మెమో రాయమని మాత్రం ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. ముందు షిఫ్టువాడు ఏం చేసి వెళ్ళిపోయాడో కనుక్కోవడమే సగం నౌకరీ. అది మన సిలబస్‌లో లేదు కదా!"

అతను సరదాకే అన్నాడు. ఆ మాట ఆమెకు సరదాగా తోచలేదు. నలభై దాటిన వయసులో రాయ్‌పూర్‌లో ప్రొఫెసర్ సురేంద్రనాథ్ దగ్గర పీహెచ్‌డీకి చేరింది. చిన్న కర్మాగారాల్లో షిఫ్టు మారేటప్పుడు ఒకరి పని ఇంకొకరికి ఎలా అప్పజెప్తారన్నది విషయం. ముందుగా ఒక ప్రశ్నావళి తయారుచేసుకుని వెళ్ళింది. ఆయన దాన్ని తిరగేసి బల్ల మీద పెట్టాడు.

"జవాబులన్నీ మీరే రాసేశారు. వాళ్ళు టిక్కు పెట్టడమే మిగిలింది. ఇలా కాదమ్మా. వెళ్ళి వాళ్ళ మధ్య కూర్చోండి. చూడండి, వినండి, అడగండి. అర్థమైందని అనిపించాక మళ్ళీ వెళ్ళండి."

కూర్చోవడానికి చోటిచ్చినవాడు గురుమూర్తి. తెలుగు సంఘంలో పరిచయం. ప్లాంటుకు కావలసిన బేరింగ్ హౌసింగులు, అంటే బేరింగులు కూర్చునే ఇనుప తొడుగులు, చేసే షెడ్డు అతనిది. ఒక్కటే షరతు పెట్టాడు: షెడ్డు గురించి రాసిన అధ్యాయం ముందు తనకివ్వాలి, చదివాక అనుమతి పత్రం మీద సంతకం పెడతాడు. ఆ పత్రం థీసిస్ మొదట్లో జత చేయకపోతే యూనివర్సిటీ తీసుకోదు. ఇందుమతి సరేనంది. అప్పటికి అందులో ఇబ్బందేమీ కనిపించలేదు.

అడగడం అంత తేలిక కాదని మొదటి రికార్డింగులు విన్నాక తెలిసింది. హాల్లో కూర్చుని వింటుంటే కూతురు సుప్రియ పుస్తకంలోంచి తలెత్తింది.

"మమ్మీ, ఆ అంకుల్ బాత్ పూరీ చేయనే లేదు, నువ్వే కంప్లీట్ చేసేశావు. యే ఇంటర్వ్యూ హై యా వైవా?"

నిజమే. క్లాసులో పిల్లలు తడబడితే వాక్యం అందించే అలవాటు ఇక్కడా వచ్చేసింది. ఆ తర్వాత ఇందుమతి ప్రశ్న అడిగి నోరు కట్టేసుకోవడం నేర్చుకుంది. ఎదుటి మనిషి మౌనం కష్టంగా అనిపించినప్పుడల్లా టీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకునేది. మాట ఆ మౌనం తర్వాతే వచ్చేది.

గడప కథ అలాగే బయటపడింది. పరంధామయ్య అంతవరకూ దాచుకున్నదంతా పెట్టి చిన్న ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశం నాడు, పసుపు రాసి బొట్లు పెట్టిన గడప మీద రాజాబాబు జేబులోంచి మట్టం చూసే స్పిరిట్ లెవెల్ తీసి పెట్టాడు. నలుగురూ చూస్తుండగా, "కాకా, గడప లెవెల్లో లేదు, కుడి పక్కకి దిగింది" అన్నాడు. పరంధామయ్య భార్య పూజ గదిలోకి వెళ్ళి ఏడ్చింది. అంతే, ఆ రోజు నుంచి మాటల్లేవు.

"నా గుమ్మంలో నిలబడి, నా గడప వంకరన్నాడమ్మా," అన్నాడు పరంధామయ్య. "ఆడికి పని నేర్పింది నాను."

రాజాబాబు తన ఇంటర్వ్యూలో వేరేగా చెప్పాడు. "నేర్పింది ఆయనే కదా దీదీ. ఏది కనపడినా లెవెల్ ఎట్టి చూడరా అని ఆయనే అన్నాడు. సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడే చెప్తే సరిచేసుకుంటాడని చెప్పేను. పరాయోడి ఇల్లయితే నాకేటి?"

మాటల్లేవు గానీ మిషను ఒకటే. ఒక్కో హౌసింగు పని రెండు మూడు షిఫ్టులు నడుస్తుంది. ఒకడు సగం కోసి వదిలింది ఇంకొకడు అందుకోవాలి. ఇళ్ళల్లో మాటల్లేని తోడికోడళ్ళు గోడతోనో గిన్నెతోనో అన్నట్టు, వీళ్ళిద్దరూ మిషనుతో అనుకోవడం మొదలుపెట్టారు. చూసేవాళ్ళకు నవ్వొచ్చేది. వారాల తరబడి కూర్చుని చూశాక ఇందుమతికి నవ్వు పోయి ఇంకొకటి కనిపించింది. మిగతా మిషన్ల దగ్గర షిఫ్టు మారేవాళ్ళంతా స్నేహితులు. భుజం తట్టుకుని, క్రికెట్ సంగతి చెప్పుకుని, "సబ్ ఠీక్?" అంటే "సబ్ ఠీక్" అనుకుని విడిపోయేవారు. మరిచిపోయింది ఏదైనా ఉంటే తర్వాత ఫోను చేసుకోవచ్చు. చాలాసార్లు అవతలివాడు ఎత్తేవాడు కాదు, ఇనుము పాడయ్యేది. బోరింగ్ మిషను దగ్గర ఆ దారి లేదు. తర్వాత ఫోను చేసి అడగలేరు. అందుకని ఉన్నదంతా అప్పుడే, ఒక్క ముక్క వదలకుండా చెప్పేవారు. కోపం అలాగే ఉంది. కోపం వల్ల పని ఎప్పుడూ ఆగలేదు.

ఆ అధ్యాయం ఆమె మిగతావాటికంటే ఇష్టంగా రాసింది. సురేంద్రనాథ్ చదివి ఫోను చేశాడు. "ఇదేనమ్మా మీ థీసిస్. మిగతా అధ్యాయాలు దీనికి వాకిలి, అంతే."

రాసినదాన్ని చెప్పినవాళ్ళకే వినిపించి తప్పొప్పులు అడగడం ఆ పరిశోధన పద్ధతిలో ఒక మెట్టు. ఒక మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకు ఇద్దర్నీ మిషను దగ్గరే కూర్చోబెట్టి, ఇంగ్లీషులో ఉన్నది తెలుగులో చెప్తూ చదివింది. పేర్లు మార్చింది. పరంధామయ్య రామ్‌లాల్ అయ్యాడు, రాజాబాబు దిలీప్. రాజాబాబు పొంగిపోయాడు.

"వాహ్! దిలీప్! హీరో పేరు ఎట్టినావు దీదీ. మరి ఆయనకి రామ్‌లాలేటి, కిరాణా దుకాణం లాగ?"

"నాకు చాల్లే అని చెప్పు ఆడికి," అన్నాడు పరంధామయ్య మిషనుతో.

ఇందుమతి నవ్వి చదువుతోంది. బోరింగ్ మిషను అన్న మాట వచ్చినచోట, ప్లేట్లు మోసుకుపోతున్న వెల్డరు ఒకడు ఆగి, మిషను వంక చూసి, వీళ్ళ వంక చూసి నవ్వుకుంటూ పోయాడు. ఆమెకు అప్పుడు తట్టింది. షెడ్డులో బోరింగ్ మిషను అదొక్కటే. థీసిస్ మొదటి పేజీల్లో షెడ్డు పేరుతో అనుమతి పత్రం ఉంటుంది. రామ్‌లాల్ ఎవరో గురుమూర్తికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

గురుమూర్తి పొద్దున్న వచ్చి అద్దాల గదిలో కూర్చుని భోజనానికి ముందే వెళ్ళిపోతాడు. షిఫ్టు మారడం అతను ఎప్పుడూ చూడలేదు. కిందటేడు ఇద్దరు వెల్డర్లు మాటలు మానేశారని తెలిసి, ఇద్దర్నీ ఒకేసారి పంపించేశాడు. ప్లాంటు నుంచి ఆడిట్‌కు వచ్చేవాళ్ళు షిఫ్టు మారేటప్పుడు ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకోవాలంటారు, లేకపోతే ఆర్డరు పోతుందన్నది అతని భయం. అందుకే బోరింగ్ మిషను సంగతి షెడ్డంతా కలిసి కడుపులో పెట్టుకుంది. ఇందుమతికి ఇవన్నీ తెలుసు. అదే అధ్యాయంలో రాసింది కూడా. రాస్తున్నప్పుడు తనది పరిశోధన అనుకుంది గానీ, తన కాగితమే ఆ గదికి చేరుతుందని అనుకోలేదు.

చదవడం ఆపింది.

"అనుబాబు సదువుతాడా అమ్మా ఇది?" పరంధామయ్య అడిగాడు. గురుమూర్తిని షెడ్డులో పాతవాళ్ళు ఆ ముద్దుపేరుతోనే పిలుస్తారు.

"చదువుతారు బాబాయ్. ముందు ఆయనకే ఇవ్వాలి." కాగితాలు మడుస్తూ అంది. "మీరు వద్దంటే తీసేస్తానని మొదటే చెప్పాను కదా. వద్దనండి."

పరంధామయ్య గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన వేళ్ళే మళ్ళీ తుడిచాడు. అరవై దాటిన మనిషి. ఏటికేడు నోటిమాట మీద నడిచే ఉద్యోగం.

"నాను వద్దనను. నీ సదువుకి నానెందుకు అడ్డం పడాల? రాసింది అబద్ధం కాదు గదా." లేచి, టిఫిన్ డబ్బా అందుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు అప్పజెప్పాల్సిన పని మాటలు మిషనుకు చెప్పేశాకే వెళ్ళాడు.

గేటు దగ్గర ఆమె స్కూటీ తీస్తుంటే రాజాబాబు పరుగున వచ్చాడు.

"దీదీ, ఒక మాట. మాటలు మానేసింది దిలీపని రాయండి. రామ్‌లాల్ మాటాడదామనే చూస్తన్నాడు, దిలీప్‌కే పొగరు, అట్లా."

"ఎందుకు?"

"నన్ను తీసేస్తే నాలుగు షెడ్లోళ్ళు పిలుస్తారు. ముసలాయన ఎక్కడికెళ్తాడు?"

"మరి ఈ మాట ఆయనతో అనొచ్చుగా రాజాబాబూ?"

"ఆయనతోనా!" అతను నొచ్చుకున్నట్టు చూశాడు. "నానెందుకు అంటాను? ఏటి, తప్పు నాదా?"

"లేనిది నేను రాయలేనయ్యా."

"మార్చి రాయడం రాదేటి? పేర్లు మార్చినారు గదా."

ఆమె స్కూటీ తాళం తిప్పింది. అతను తల గోక్కుని లోపలికి పోయాడు.

సురేంద్రనాథ్‌కు ఫోను చేస్తే ఆయన తేలిగ్గా తీసుకున్నాడు. "మిషను మార్చండి. లేత్ మిషను అనండి. ఊరు పేరు తీసేయండి. అందరూ చేసేదే." రెండు సాయంత్రాలు కూర్చుని లేత్ అని రాసి చూసింది. లేత్ మీద ఆ షెడ్డులో పని ఒక షిఫ్టులోనే అయిపోతుంది. ఒకడు సగం వదిలితే ఇంకొకడు అందుకోవలసిన అవసరమే ఉండదు. అది తీసేస్తే ఇద్దరూ మిషనుతో ఎందుకు మాట్లాడారో అర్థం కాదు. అర్థమయ్యేలా రాస్తే గురుమూర్తికీ అర్థమవుతుంది. భర్త శరత్ భోజనాల దగ్గర అడిగాడు.

"ఇంతకీ ఆయనకి ఎన్నాళ్ళు నౌకరీ ఉంటుంది? ఇంకో ఏడాదో రెండేళ్ళో. నీది మూడేళ్ళ కష్టం. కొంచెం లెక్క చూసుకో."

"ఆయన నాకు ఆ మాటలు చెప్పింది లెక్క చూసుకుని కాదు," అంది ఇందుమతి. వడ్డించడంలో పడింది.

సోమవారం పొద్దున్న గురుమూర్తి గది అద్దాల్లోంచి బోరింగ్ మిషను దగ్గర వంగి ఉన్న పరంధామయ్య వీపు కనిపిస్తోంది. గురుమూర్తి టీ చెప్పాడు. అనుమతి పత్రం లెటర్‌హెడ్ మీద టైపు చేయించి సిద్ధంగా ఉంచాడు. కలం మూత కూడా తీసి ఉంది.

"రండమ్మా. చాప్టర్ ఇచ్చి లెటర్ పట్టుకెళ్ళండి. మన షెడ్డు మీద పీహెచ్‌డీ అంటే మాటలా! ఆడిట్ వాళ్ళకి కూడా చూపిస్తాను. మా కుర్రాళ్ళు ఎలా ఉన్నారు, బాగానే మాట్లాడారా మీతో?"

"బాగా మాట్లాడారండి."

"ఏదీ మరి?" అని చెయ్యి చాపాడు.

ఇందుమతి సంచి ఒళ్ళోనే ఉంచుకుంది.

"లెటర్ వద్దండి గురుమూర్తి గారూ. మీ షెడ్డు నా థీసిస్‌లో ఉండటం లేదు. మా ప్రొఫెసర్ గారికి పొద్దున్నే చెప్పేశాను. వచ్చే నెల నుంచి చరోదా రైల్వే యార్డు దగ్గరి షెడ్లలో మళ్ళీ మొదటినుంచి మొదలుపెడుతున్నాను."