కొలువు గడ్డి

యాభైల మొదట్లో, మైలాపూరులో మేం అద్దెకున్న ఇంట్లో, మా అమ్మకు ఒక క్యాలెండరు బొమ్మ మీద మనసు పడింది. నాన్న ఆఫీసుకు ఏదో టీ కంపెనీ వాళ్ళిచ్చిన క్యాలెండరు అది. తెల్ల గోడల ఇల్లు, ఇంటి వెనక పచ్చని గడ్డి, గడ్డి మీద రెండు పేము కుర్చీలు. అమ్మ దాన్ని వంటింట్లో పొయ్యికి ఎదురుగా తగిలించి, దోసె వేసినప్పుడల్లా ఓసారి చూసుకునేది. ఆ చూపుల్లో ఎన్ని దోసెలు మాడాయో నాకూ నాన్నకూ తెలుసు. మాడినవి మా పళ్ళేల్లోకే వచ్చేవి.

అప్పుడు నాకు పదేళ్ళు. చూస్తుండగానే ఇల్లు మారిపోయింది. నాన్న పాత పంచెలు నీలిరంగులో మునిగి కిటికీలకు తెరలయ్యాయి. ట్రంకుపెట్టె మీద పూలు కుట్టిన దుప్పటి పరిచి, అమ్మ దాన్ని సోఫా అంది. దాని మీద కూర్చుంటే గొళ్ళెం గుచ్చుకునేది. చుట్టాలొస్తే నాన్న వాళ్ళను గొళ్ళెమున్న పక్కకే కూర్చోబెట్టేవాడు.

ఇక మిగిలింది పెరడు. అక్కడ బావి, బట్టలుతికే బండ, ఒక అరటిచెట్టు, మిగతాదంతా పగిలిన కుండలూ బూడిదా. మా ఇంటాయన, అంటే మాకు ఇల్లు అద్దెకిచ్చినాయన, రెండు వీధుల అవతల ఉండేవాడు. సేలం దగ్గరి పల్లె నుంచి వచ్చి స్థిరపడిన తెలుగాయన, పెద్ద మీసాలు, ఎండయినా వానయినా చేతిలో గొడుగు. దసరాకు మా బొమ్మల కొలువు చూడ్డానికొచ్చి, శనగలు తింటూ పెరట్లోకి తొంగిచూసి, అదంతా ఎత్తించేసి కారు షెడ్డు కట్టిస్తానన్నాడు. ఎదురింటి డాక్టరు తన కారు పెట్టుకోవడానికి అద్దెకు అడుగుతున్నాడట.

ఆయన ముందు ఎప్పుడూ తలుపు చాటు నుంచే మాట్లాడే అమ్మ, ఆరోజు ఇవతలికి వచ్చేసింది.

"పది దినాలు ఆగండయ్యా. ఈడ తోట చేసి చూపిస్తా. నచ్చకుంటే అప్పుడు కట్టుకోండి."

ఆయన సరేనని వెళ్ళిపోయాడు. పది రోజుల్లో గడ్డి ఎలా వస్తుందని నాన్న గాబరా పడ్డాడు. అమ్మకు ఏ గాబరా లేదు. ఏటా కొలువు మెట్ల పక్కన మేం పార్కు పెట్టేవాళ్ళం. పళ్ళెంలో ఇసుక పోసి, నానబెట్టిన రాగులు చల్లి తడిగుడ్డ కప్పితే, నాలుగైదు రోజులకే పచ్చగా లేచేది. మధ్యలో అద్దం పెడితే చెరువు. పళ్ళెంలో వచ్చింది పెరట్లో ఎందుకు రాదని అమ్మ లెక్క. పండగయ్యాక ఆ గడ్డి ఏమవుతుందో మాకెవరికీ తెలీదు, ఎందుకంటే పండగ మర్నాడే దాన్ని ఆవుకు పెట్టేసేవాళ్ళం.

నాన్న ఒంటి మీద బనీనుతో నేల తవ్వాడు. నేను ఇటుకలకు ఎర్రటి జాజు పూసి ముగ్గుపిండితో చారలు గీశాను. అమ్మ నానిన రాగులు చాటలకొద్దీ చల్లింది. మధ్యలో పాత నిలువుటద్దం పరిచి చెరువు చేశాం. వీధిలోని కాకులన్నీ వంతులవారీగా వచ్చి అందులోని కాకితో పోట్లాడి పోయేవి.

పదోరోజుకు పెరడు అచ్చం క్యాలెండరే. అమ్మ రెండు పేము కుర్చీలు అడిగి తెచ్చి వేసింది, బోండాలు చేసింది. ఇంటాయన రాలేదు. ఊళ్ళో అన్నగారికి ఒంట్లో బాగాలేదని రాత్రికి రాత్రి రైలెక్కాడట.

ఆయన తిరిగొచ్చేసరికి నెల దాటింది. ఈలోగా వానలు పట్టుకున్నాయి. గడ్డి లేచింది, లేచి ఆగలేదు. అమ్మ పీట వేసుకుని, బట్టలు కత్తిరించే కత్తెరతో కత్తిరించింది. ఒక మూల పూర్తయ్యేసరికి మరో మూల జానెడయ్యేది. చేతులు బొబ్బలెక్కాయి. గడ్డి నా మోకాళ్ళ దాకా వచ్చిన రోజు, అమ్మ క్యాలెండరును గోడవైపు తిప్పి పెట్టి ఏడ్చింది. అమ్మ ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. ఇంటాయన రైలు దారిలోనే ఆగిపోవాలని దణ్ణం పెట్టుకున్నాను.

ఆగలేదు. ఒక సాయంత్రం గొడుగుతో సహా దిగబడ్డాడు. పెరటి గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశాడు. అమ్మ కత్తెరను కొంగు చాటున దాచుకుంది. ఆయన గొడుగు గోడకు ఆనించాడు, పంచె ఎగ్గట్టాడు, వంగి రెండు చేతులతో మొక్కలను విడదీసి చూశాడు.

"ఏమ్మా, ఇంత ఒత్తుగా చల్లినావే. ఇట్టుంటే కంకి యెట్ట వేస్తాది?"

అది పంట కాదు, గడ్డి అనుకుని వేశానని అమ్మ నిజం చెప్పేసింది. ఆయన విన్నట్టు లేదు. ఎక్కువైన మొక్కలు పెరుకుతూ వెళ్ళాడు. కాసేపటికి అమ్మా కొంగు దోపుకుని దిగింది. నేను తెచ్చిన కాఫీ చల్లారిపోయింది. చీకటి పడుతుంటే ఆయన బావి దగ్గర చేతులు కడుక్కున్నాడు. ఇక ఉండబట్టలేక అమ్మే షెడ్డు సంగతి అడిగింది.

ఆయనకు కోపమొచ్చింది. "పైరు నిలబడున్న నేలలో గునపం దించమంటావా? కోత అయినాక చూస్తాం పో."

ఆ తర్వాత వారానికోసారి వచ్చేవాడు. నాన్నను పలకరించడానికని చెప్పి, నాన్నను దాటుకుని నేరుగా పెరట్లోకే నడిచేవాడు. కంకులు వేశాక పిచ్చుకలను తోలమని నాకు పని పురమాయించాడు. ఆ క్యాలెండరులో పిచ్చుకలు లేవని, మనదే బాగుందని అమ్మ అనడం మొదలుపెట్టింది. సంక్రాంతి వెళ్ళాక కోశాం. ఒక డబ్బాడు రాగులొచ్చాయి.

అమ్మ సంగటి కెలికి ఆయన్ను భోజనానికి పిలిచింది. పక్కన పులుసు, వేరుశనగ పచ్చడి. ఎంత తిన్నాడో! నేను మాత్రం ముద్దను విస్తట్లోనే అటూ ఇటూ దొర్లిస్తున్నాను. కోత అయిపోయింది, పెరడు బోడిగా ఉంది, షెడ్డు మాట ఇప్పుడు వస్తుందని నాకు తెలుసు. అమ్మ కూడా వడ్డిస్తూ ఆయన ముఖమే చూస్తోంది.

ఆయన చెయ్యి కడుక్కొచ్చి, రొండిన దోపుకున్న కాగితం పొట్లం తీసి అమ్మ ముందు పెట్టాడు. గోరుచిక్కుడు విత్తనాలు.

"నేలను ఖాళీగా పెట్టబాక తల్లీ. ఖాళీగా చూస్తే నాకు షెడ్డు గుర్తొస్తాది."

అమ్మ మర్నాటిదాకా ఆగలేదు. ఎంగిలి విస్తరి తీసేసి, ఆ మధ్యాహ్నమే విత్తనాలు నాటింది.