మోటబావిలో వాలుగ ఫొటో

పిల్లిని చూసి పులి అని రాసే అలవాటు నాకుంది. ముందే చెప్పేస్తున్నాను. మోత్కూరు దగ్గర మా అక్కవాళ్ల మోటబావిలో ఎద్దంత వాలుగ చేప ఉండేది. నేనొక్కణ్ణే చూశాను కనుక ఎవరూ నమ్మలేదు. ఫొటో తీసి ఊరందరి నోళ్లూ మూయించాలని పంతం పట్టాను.

కిరసనాయిలు డబ్బా అడుగు కోసి, అద్దం బిగించి, లక్కతో అతికించి, అందులో అరువు కెమెరా పెట్టాను. డబ్బాను నీళ్లలో సగం ముంచి మెట్టు మీద బోర్లా పడుకునేవాణ్ణి. పాతాళమంత లోతున్న ఆ బావిలో మిట్టమధ్యాహ్నం తప్ప వెలుగుండదు. పొద్దుటినుంచీ మోట నీళ్లను కలచివేసేది. మధ్యాహ్నం మోట విడిచాక నీళ్లు తేరుకుని వాలుగ పైకి వచ్చేసరికి, చెమటతో తడిసిన మా బావ తలకిందులుగా ధబేల్మని దూకేవాడు. రోజూ ఇదే!

"జరసేపు ఆగు బావా! నీళ్లు తేరుతున్నయి."

"మోట ఇడిసినంక బాయిల దునకక ఏడ దునకాలె, బామ్మర్దీ? నీ చాపనడిగి దునకాల్నా?"

చివరికి రీలులో ఒక్క ఫొటోయే మిగిలింది. ఎండ నిలువుగా దిగింది. వాలుగ మీసాలు కనిపించాయి. మీట నొక్కాను. ధబేల్!

హైదరాబాదులో కడిగించి తెచ్చిన ఫొటో నిండా చీకటి, ఆ చీకట్లో రెండు అరికాళ్లు.

"నా కాళ్లు మస్తుగొచ్చినయ్‌రా. పటం కట్టి గోడకు పెట్టు!" అన్నాడు బావ. అందరూ పడిపడి నవ్వారు. నేనూ నవ్వాను.

వాలుగ ఎద్దంత కాదు, మూరెడేనని మీరు ఎలాగూ కనిపెట్టి ఉంటారు. నేను నిజంగా కల్పించింది మాత్రం, నేనూ నవ్వాననడం.